బాస్ వాయించే వాళ్ళ పుట్టినరోజు: మిద్దె మీద పాటల సాయంత్రం ఎలా చేయాలి

మా అవ్వ ఒకసారి ఫోన్లో పెళ్ళి వీడియో చూస్తూ మా తమ్ముణ్ణి పిలిచి అడిగింది. "ఒరేయ్, ఈ పాటలో నువ్వు వాయించేది యాడుందిరా? నాకేం ఇనపడ్లే." వాడు నవ్వి ఊరుకున్నాడు. పన్నెండేళ్ళుగా బాస్ గిటార్ వాయిస్తున్నాడు వాడు, అంటే పాటలో లోతైన కింది స్వరాలు పలికే గిటారు. పెళ్ళిళ్ళలో, వినాయక చవితి పందిళ్ళలో, గంగమ్మ జాతర రోజుల్లో ఆర్కెస్ట్రాతో, స్నేహితులు పిలిస్తే ఆదివారం పొద్దున చర్చిలో కూడా. ఇన్నేళ్ళలో ఇంట్లో ఒక్కరం కూడా "అదిగో, అది మనవాడి శబ్దం" అని వేలు పెట్టి చూపించలేకపోయాం.

ఇందులో అవ్వ చెవుల తప్పేమీ లేదు. బాస్ గిటార్లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. ఫోన్లో ఉండే గోరంత స్పీకరుకు అంత లోతైన శబ్దం పలకదు. పెళ్ళి మండపంలోనేమో డ్రమ్స్, కీబోర్డు, మాటల గోల మధ్య అది కలిసిపోతుంది. పాటకు పునాది అదే, కనబడదు అంతే.

ఆ మాట విన్నాక తిరుపతిలో మా ఇంటి మిద్దె మీద వాడి పుట్టినరోజును రెండేళ్ళు పాటలతో చేశాం. మొదటి ఏడాది చాలా తప్పులు జరిగాయి. రెండో ఏడాది బాగా కుదిరింది. మీ ఇంట్లోనో స్నేహితుల్లోనో బాస్ వాయించే వాళ్ళుంటే, ఆ సాయంత్రాన్ని ఎలా కూర్చుకోవాలో మాకు తెలిసినంత చెప్తాను.

ముందు తేదీ తేల్చుకోండి

వాయిద్యకారుడికి తన పుట్టినరోజు తన చేతిలో ఉండదు. మాఘంలోనో వైశాఖంలోనో పుట్టినవాడైతే ఆ రోజు ఏదో ఒక ఊళ్ళో రిసెప్షన్ స్టేజీ మీదే ఉంటాడు. కాబట్టి నెల ముందే ఒప్పుకున్న ప్రోగ్రాములు ఏవేవో అడిగి, దగ్గర్లో ఖాళీగా ఉన్న సాయంత్రం చూసుకోండి. అసలు రోజున తలంటుస్నానం, కపిలతీర్థం దాకా వెళ్ళి ఒక దండం, ఇంట్లో పాయసం. అది చాలు. పాటలు మరో రోజుకు ఉంచండి. ప్రోగ్రాం ముగించుకొని తెల్లవారుజామున ఇల్లు చేరిన మనిషిని అదే సాయంత్రం మళ్ళీ వాయించమంటే వేళ్ళు కదుల్తాయి గానీ మనసు కదలదు.

తిరుపతిలో మిద్దె మీద చేయాలంటే జనవరి, ఫిబ్రవరి హాయి. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా కాగిన స్లాబు పొద్దుగూకినా సెగలు కక్కుతూనే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనం మన వైపే గురిపెట్టి ఉంటుంది. 2021 నవంబరు వానలు చూసినవాళ్ళెవరూ ఆ నెలల్లో కరెంటు వస్తువులు మిద్దె మీదికి ఎక్కించరు. ఆ రోజుల్లో పుట్టినవాళ్ళకు కింద హాల్లోనే చేయండి.

ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించేలా చూసుకోండి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పగలైనా ఆరుబయట లౌడ్‌స్పీకరు పెట్టాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఇళ్ళ మధ్య పగటి పరిమితి 55 డెసిబెల్సే. అందుకే పెద్ద బాక్సుల ఆలోచన మొదట్లోనే మానుకోండి. చిన్న ఆంప్‌లతో (వాయిద్యం శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకరు పెట్టెలు), మన వాళ్ళకు మాత్రమే వినబడేలా చేసుకునే సాయంత్రం ఇది.

అటూ ఇటూ ఉన్న ఇళ్ళకు రెండు రోజుల ముందే వెళ్ళి చెప్పండి, వీలైతే పిలవండి కూడా. కారణం ఉంది. ఆ 41 కంపనాల శబ్దపు అల పొడవు ఎనిమిది మీటర్లు. పిట్టగోడలు, తలుపులు దాన్ని ఆపలేవు. పాట వినబడని ఇంటికి కూడా ఆ దడదడ మాత్రం వెళ్ళి తలుపు తడుతుంది. మా పక్కింటి పెద్దమ్మ రెండో ఏడాది మాతోపాటే కూర్చుని తాళం వేసింది.

ఎవరెవరు వాయించాలి

ఐదుగురికి మించొద్దు. మేము కూర్చుకున్నది ఇలా: బాస్, ఒక మామూలు గిటారు, కీబోర్డు, మృదంగం, ఒక కహోన్. కహోన్ అంటే మీద కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె. పూర్తి డ్రమ్ సెట్టు వద్దే వద్దు. డ్రమ్స్ వస్తే వాటిని అందుకోవడానికి మిగతా అందరూ వాల్యూమ్ పెంచుతారు. చివరికి ఎవరి పుట్టినరోజో వాడే వినబడకుండా పోతాడు.

కీబోర్డు వాయించే స్నేహితుడితో ముందే ఒక మాట చెప్పండి. ఒంటరిగా వాయించడం అలవాటైనవాళ్ళు ఎడమ చేత్తో కింది స్వరాలన్నీ తామే పట్టేస్తారు. ఆ జాగా బాస్‌ది. ఇద్దరూ అక్కడే వాయిస్తే రెండు శబ్దాలూ ముద్దయిపోయి ఎవరిదేదో తెలీదు. "ఈ ఒక్క సాయంత్రం నీ ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకో అన్నా" అని మేము అడిగితే ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు. సాయంత్రం మొత్తానికి మాకు అందిన పెద్ద కానుక అదే అంటాను.

మృదంగం మన ఊళ్ళో దొరకడం కష్టం కాదు. టీటీడీ నడిపే ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో నేర్చుకున్నవాళ్ళు ప్రతి వీధిలోనూ ఒకరైనా ఉంటారు. మృదంగం ఎడమవైపు తొప్పి కూడా లోతైన శబ్దమే. అందుకని మృదంగాన్నీ బాస్‌నూ పక్కపక్కనే, ఒకరి చేతులు ఒకరికి కనబడేలా కూర్చోబెట్టండి. తొప్పి మీద దెబ్బ పడే చోటే బాస్ స్వరం కూడా పడితే పాట నడుం నిటారుగా నిలుస్తుంది.

పిల్లలకు గలగలలాడే షేకర్లు ఇవ్వండి. రెండు పాటలకు మాత్రమే. ఆ తర్వాత ప్రేమగా వెనక్కి తీసుకోండి.

పాటలు, శ్రుతులు

ఎనిమిది పాటలు చాలు. సగం అతను ఎంచుకోవాలి, సగం ఇంట్లోవాళ్ళు. మా నాయన ఇళయరాజా పాటలే కావాలన్నాడు. బాస్ వాయించేవాడికి ఇంతకంటే సంతోషం ఏముంటుంది. ఆ పాటల్లో బాస్ కింద నిలబడి బరువు మోయడంతో ఆగదు, పల్లవి పక్కనే తనూ ఒక రాగం పాడుతుంది.

అమ్మ పాడే కీర్తన ఒకటి తప్పకుండా పెట్టండి. ఇక్కడే చాలామంది తడబడతారు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మా అమ్మది ఐదున్నర శ్రుతి. గిటారు భాషలో అది జీ షార్ప్. బాస్ మీద లావు తీగలో నాలుగో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర షడ్జం దొరుకుతుంది. దాని పక్క తీగలో ఆరో ఫ్రెట్ దగ్గర పంచమం ఉంటుంది. కీర్తనకు బాస్ అంతకుమించి పెద్దగా చేయనక్కర్లేదు. ఆ రెండు స్వరాలనూ తంబూరాలాగా నింపాదిగా పట్టుకొని ఉంటే గొంతు వాటి మీద ఆనుకొని నడుస్తుంది. ఆది తాళమైతే ఎనిమిది అక్షరాలు, అంటే నాలుగు లెక్క రెండుసార్లు. ఆర్కెస్ట్రా వాళ్ళకు అది ఇట్టే అందుతుంది. మిశ్ర చాపు అయితే ఏడు. ముందురోజు ఒక్కసారైనా అమ్మతో కూర్చుని చూసుకోమనండి. మృదంగం కూడా అదే శ్రుతికి కట్టి తెచ్చేలా ఆ స్నేహితుడికి ముందే చెప్పాలి.

వచ్చేవాళ్ళ విషయంలో ఎంత రహస్యమైనా పెట్టుకోండి. పాటల విషయంలో మాత్రం వద్దు. ఏ పాట, ఏ శ్రుతి, ఎన్ని చరణాలు అన్నది కాగితం మీద రాసి నాలుగు రోజుల ముందే అందరికీ ఇవ్వండి.

శబ్దం ఏర్పాట్లు

మొదటి ఏడాది మేము ఒక సౌండ్ అతణ్ణి మాట్లాడుకున్నాం. రెండు నిలువెత్తు బాక్సులు తెచ్చాడు. బాస్‌నూ వాటిలోనే కలిపి లోతు శబ్దాన్ని పూర్తిగా పెంచేశాడు. స్లాబు దడదడలాడింది, కింద వంటింట్లో గిన్నెలు కదిలాయి. ఒక్క స్వరమైనా స్వరంగా వినిపిస్తే ఒట్టు. తమ్ముడు మూడో పాటకే మొహం దించుకున్నాడు. ఆ మొహం గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

రెండో ఏడాది స్నేహితుడి దగ్గర 40 వాట్ల బాస్ ఆంప్ ఒకటి అడిగి తెచ్చుకున్నాం. డ్రమ్ సెట్టు లేకుండా పాతికమంది కూర్చునే మిద్దెకు అది సరిపోయింది. బాస్ ఆంప్ దొరక్కపోతే కీబోర్డు ఆంప్ వాడొచ్చు. చిన్న గిటారు ఆంప్‌లో మాత్రం బాస్ పెట్టి గట్టిగా వాయించకండి. దాని స్పీకరు అంత ఊపు తట్టుకోలేక పాడవుతుంది.

ఆంప్‌ను నేరుగా స్లాబు మీద పెట్టొద్దు. కింద మందపాటి పరుపో నాలుగు మడతల బొంతో వేస్తే కింది ఇంటికి దడ తగ్గుతుంది. వెనక మెట్ల గది గోడ ఉంటే శబ్దానికి బలం వస్తుంది గానీ, రెండు గోడలు కలిసే మూలకు నెడితే బుయ్యిమని మూలుగుతుంది. బాస్ నాబ్‌ను నడిమధ్యనే ఉంచి మిడ్‌ను, అంటే మధ్యస్థాయి శబ్దాల నాబ్‌ను, కాస్త పెంచండి. ఏ స్వరం పలుకుతోందో చెవికి తెలిసేది అక్కడే.

కరెంటు అంతా ఒకే బోర్డు నుంచి తీసుకోండి, మూడు పిన్నుల ప్లగ్గులతో, ఎర్తింగ్ సరిగా ఉన్న చోటు నుంచి. ఒకటి ఈ గదిలో, ఇంకోటి ఆ గదిలో పెడితే సాయంత్రమంతా సన్నని హమ్ వెంటాడుతుంది. ఎర్తింగ్ లేని చోట తీగలు పట్టుకొని మైకు ముందు నిలబడడం ప్రమాదం కూడా. ఇన్వర్టర్ ఉంటే ఆంప్‌ను దానికి కలిపి ముందురోజే ఒకసారి చూసుకోండి. కొన్ని ఇన్వర్టర్ల మీద ఆంప్ తేనెటీగల్లా మోగుతుంది.

వాయిద్యం జాగ్రత్త, కానుక

కానుకగా తీగల సెట్టు కొనాలనుకుంటే మూడు సంగతులు కనుక్కోండి. నాలుగు తీగల బాసా, ఐదు తీగలదా? స్కేలు, అంటే తీగ పలికే పొడవు, 34 అంగుళాలదేనా? ఇప్పుడు వాడుతున్న తీగల మందం ఎంత? కొన్న తీగలను పెట్టెలోనే ఇవ్వండి, మీరే మార్చేయకండి. కొందరికి కొత్త తీగల మెరుపు ఇష్టం, కొందరు ఏళ్ళ తరబడి వాయించిన పాత తీగల మెత్తదనాన్ని ప్రాణంలా చూసుకుంటారు. మార్చుకునేదుంటే రెండు మూడు రోజుల ముందే మార్చుకోవాలి. కొత్త తీగ సాగుతూనే ఉంటుంది, శ్రుతి నిలవదు.

అతని బాస్ లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉండే రకమైతే కొత్తది ఒకటి జేబులో ఉంచుకోండి. కేబుల్ గుచ్చి వదిలేస్తే వాయించకపోయినా ఆ బ్యాటరీ కరిగిపోతుంది. ఎండలో మూసిన కారులో బాస్‌ను వదలొద్దు. మన ఎండకు మెడ వంగుతుంది.

కేకు కోసేటప్పుడు బాస్‌ను కింది గదిలో పెట్టి తలుపు వేయండి. మొహానికి క్రీము పూసే సరదా ఉన్న స్నేహితులు ఎవరికైనా ఉంటారు. ఆ క్రీము తీగల మధ్య, తీగల కంపనాన్ని పట్టే పికప్‌ల మీద పడితే శుభ్రం చేయడం నరకం.

తిండి

వాయించేవాళ్ళు కడుపు నిండా తిని వాయించలేరు. మొదట ఉడకబెట్టిన చెనక్కాయలు, అలసంద వడలు, టీ. వడలు తిన్నవాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కొని తుడుచుకున్నాకే వాయిద్యం ముట్టుకోవాలి. నూనె తగిలితే తీగ మూగబోతుంది. పాటలన్నీ అయ్యాక రాగి సంగటి, నాటుకోడి పులుసు, మాంసం తిననివాళ్ళకు చెనక్కాయల ఊరుబిండి, పప్పు. చివర్లో ఓళిగలు, నెయ్యి. సంగటి వేడిగా ఉండాలి కాబట్టి చివరి రెండు పాటలప్పుడు ఒకరు కిందికి దిగి కెలకడం మొదలుపెట్టాలి. మా ఇంట్లో ఆ పని మా మామ తీసుకున్నాడు, మెట్ల మీదినుంచే పాట విన్నాడు.

అసలు ఘట్టం

ఇప్పుడు చెప్పబోయేది చేయకపోతే మిగతాదంతా మామూలు పుట్టినరోజే. అందరికీ బాగా తెలిసిన పాట ఒకటి రెండోదిగా పెట్టండి. ఎవరికీ ఏమీ చెప్పొద్దు. పల్లవి బాస్ లేకుండా వాయించండి. గిటారు, కీబోర్డు, మృదంగం, గొంతు, అన్నీ ఉంటాయి, పాట బాగానే ఉంటుంది. చరణం మొదటి దెబ్బ మీద బాస్ లోపలికి రావాలి. చరణం నడుమ ఎనిమిది లెక్కల పాటు మళ్ళీ ఆగిపోవాలి. తర్వాత తిరిగి రావాలి.

మా మిద్దె మీద ఏమైందో చెప్తాను. బాస్ వచ్చినప్పుడు మా నాయన కాలు తనకు తెలియకుండానే తాళం వేయడం మొదలుపెట్టింది. అది ఆగగానే మాట్లాడుకుంటున్నవాళ్ళు కూడా మాట ఆపి తలెత్తారు, ఏదో లోటు తెలిసి. అందరూ వాడివైపు చూశారు. వాడు తలవంచి లెక్క పెట్టుకుంటున్నాడు. ఎనిమిది పూర్తయి మళ్ళీ స్వరం పడేసరికి మా పిన్ని "ఆఁ" అంది గట్టిగా.

ఈ పాట అయ్యాక అతనితోనే రెండు నిమిషాలు మాట్లాడించండి. మా తమ్ముడు చాలా కొద్దిగా చెప్పాడు. ఒకప్పుడు ఈ పని మనిషంత ఎత్తున్న డబుల్ బాస్ చేసేదని, 1951లో అమెరికాలో గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ మెడలో వేలాడదీసుకునే బాస్‌ను మార్కెట్‌లోకి తెచ్చాడని, ఫ్రెట్లు ఉండడంవల్ల స్వరం కచ్చితంగా పడుతుంది గనుక దానికి ప్రెసిషన్ అని పేరు పెట్టాడని. మద్రాసులో రెహమాన్ పాటలకు వాయించిన కీత్ పీటర్స్ పేరు చెప్పేటప్పుడు వాడి గొంతు మారింది. ఇంట్లోవాళ్ళం ఆ పేరు అంతకుముందు వినలేదు.

నాలుగో పాటలో కరెంటు పోయింది. కీబోర్డు ఆగింది, బాస్ ఆగింది. మృదంగం, కహోన్ ఆపకుండా నడిపించారు, అమ్మ పాడుతూనే ఉంది. తమ్ముడు బాస్ తీసుకొని అవ్వ కుర్చీ పక్కన కింద కూర్చున్నాడు. బాస్ పైకొమ్మును ఆమె చెవి వెనక ఎముకకు మెల్లగా ఆనించి వాయించాడు. ఆంప్ లేకపోయినా చెక్క గుండా శబ్దం నేరుగా ఎముకలోకి వెళ్తుంది. అవ్వ కళ్ళు పెద్దవయ్యాయి. "ఇదేనా నాయనా నీది! ఇంత లోతుగా ఉంటాదా?" అని వాడి తల నిమిరింది. మీ ఇంట్లో చెవి సరిగా వినబడని పెద్దవాళ్ళుంటే కరెంటు పోయేదాకా ఆగకుండా ఇది చేసి చూడండి. పిల్లలైతే అరచేయి చెక్క మీద ఆనిస్తే చాలు.

పుట్టినరోజు పాట

మామూలుగా అందరూ పాడుతుంటే పుట్టినరోజు మనిషి ఏం చేయాలో తెలియక నిలబడి ఉంటాడు. ఇతని చేతిలో బాస్ పెట్టండి, తన పాటకు తనే పునాది వేసుకుంటాడు. ఈ పాట మూడు లెక్కలో నడుస్తుంది. జీ శ్రుతిలో పాడితే మూడే స్వరాలు కావాలి: జీ, డీ, సీ. మొదటి పాదం జీలో మొదలై డీకి చేరుతుంది. రెండోది డీలో మొదలై జీకి తిరిగొస్తుంది. పేరు పెట్టి పిలిచే మూడో పాదం జీ నుంచి సీకి. చివరి పాదంలో జీ, డీ, మళ్ళీ జీ. ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. మూడే స్వరాలు కాబట్టి ఇంట్లో ఎవరైనా వారం రోజుల్లో నేర్చుకోవచ్చు. రెండో ఏడాది తమ్ముడి చేతిలోంచి బాస్ తీసుకొని ఆ పాట నేనే వాయించాను. జీ కోసం లావు తీగ మూడో ఫ్రెట్, సీ కోసం పక్క తీగ మూడో ఫ్రెట్, డీ కోసం అదే తీగ ఐదో ఫ్రెట్. రెండు చోట్ల తడబడ్డాను. వాడు చప్పట్లు కొట్టడం మరిచిపోయి నా వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు.

రికార్డింగ్

ఫోన్ మైకు బాస్‌ను కొంతవరకు పట్టుకుంటుంది. తిరిగి వినిపించేటప్పుడు స్పీకరుకే ఆ లోతు రాదు. ఒక ఫోన్‌ను వీడియోకు వాడుకోండి, ఇంకోటి ఆంప్‌కు ఐదారు అడుగుల దూరంలో కుర్చీ మీద పెట్టి శబ్దం మాత్రమే రికార్డు చేయండి. ఆంప్‌కు మరీ ఆనించి పెడితే పగిలిన శబ్దం వస్తుంది. మిక్సర్ వాడుతుంటే దాని అవుట్‌పుట్‌ను ల్యాప్‌టాప్‌కు కలపడం ఇంకా మేలు.

మర్నాడు పొద్దున తీగలు పొడిబట్టతో తుడిపించి, అడిగి తెచ్చిన ఆంప్‌ను మీరే వెళ్ళి తిరిగిచ్చి రండి, రెండు ఓళిగలతో పాటు. రాలేకపోయిన బంధువులకు వీడియో పంపేటప్పుడు కింద ఒక్క ముక్క రాయడం మరవొద్దు: ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వినండి. మేము ఆ ముక్క రాయకుండా పంపాం. బెంగళూరు నుంచి చిన్నాయన ఫోన్ చేసి "అంతా బాగుంది గానీ వాడు వాయించేది యాడుంది?" అన్నాడు. అవ్వ ఫోన్ లాక్కుని, చెవుల్లో పెట్టుకునేవి పెట్టుకొని మళ్ళీ ఇనమని చెప్పింది.